దండెం కింద గోల్ఫు

మిలటరీ నుంచి రిటైరై ఉదయగిరి చేరిన పెంచలరెడ్డి, పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి పెరట్లో గోల్ఫు కర్రతో నిలబడతాడు. ఎదురుగా బీడు. కాళ్లు సర్దుకుంటాడు, బంతిని కోపంగా చూస్తాడు, గొంతు సవరించుకుని కొడతాడు. కర్ర ఏటవాలుగా భుజం మీదికి లేవాలి. ఆయన చేతిలో మాత్రం గడ్డి కోసే కొడవలిలా నడుం చుట్టూ తిరుగుతుంది. బంతి ఎడమకు వంగి కంపచెట్లలో పడుతుంది. "నీ దండెం నెత్తి మీదుంటే కర్ర ఎట్టా లేస్తాదే?" అని భార్య మీద అరుస్తాడు.

ఇన్నేళ్లూ వినీ విననట్టున్న రేణుకాదేవి, నిన్న ఆ తాడు విప్పి మిద్దె మీద కట్టుకుంది. "ఇంక అడ్డమేం లేదు, కొట్టండి" అని మెట్ల మీద కూర్చుంది. పెంచలరెడ్డి కొట్టాడు. లేని తాడు కింద వంగినట్టే కర్ర వంగి, నడుం చుట్టే తిరిగింది. బంతి కంపలోకి పోయింది. ఇంకోటి కొట్టాడు. అదీ అక్కడికే. రేణుకాదేవి కాఫీ పెట్టడానికి లేచింది.

ఆమె గ్లాసుతో వచ్చేసరికి ఆయన స్టూలెక్కి దండెం మళ్లీ పాతచోటే కడుతున్నాడు. "మోకాళ్ల నొప్పులు పెట్టుకోని మిద్దెలెక్కుతావా?" అన్నాడు, తాడును ఇంకో జానెడు కిందికి లాగుతూ.