సరూప త్రిభుజాల కొత్త చిరునామా

పిల్లలూ, ఒక ప్రశ్న. బడిలో తొమ్మిదో తరగతిని కింది గది నుంచి పై గదికి మారిస్తే, పాత గది తలుపు మీద ఏం రాయాలె? "పైకి పోండి" అని రాయాలె. అంతే కదా! మీ నాయనమ్మ పై గది తలుపు మీద గూడ "కిందికి పోండి" అని రాసింది.

నవ్వకండి. దాంతోని ఒక పిల్ల పరీక్ష చదువు ఆగిపోయింది.

రిటైరయినంక పదో తరగతి లెక్కల పాఠాలన్నీ వెబ్‌సైట్‌లో పెట్టిన కదా. ఒక్కో పాఠం చిరునామా నిండ ప్రశ్నార్థకాలు, అంకెలు. మిర్యాలగూడల కంప్యూటర్ సెంటర్ నడిపే మా చెల్లె బిడ్డ సునీత అన్నది: "పెద్దమ్మా, చిరునామాల పాఠం పేరే పెట్టు. వెతికెటోళ్లకు జల్ది దొరుకుతది. పాత చిరునామాకు వచ్చినోళ్లను కొత్తదానికి పంపుమని సర్వర్‌ల రీడైరెక్ట్ రాయి, మర్వకు."

మొన్న పొద్దున సూర్యాపేటల, మన ముందర గదిల కూసోని రాసిన. ఒక్కో పాఠానికి, పాతది అడిగితే కొత్తదానికి పంపు అని. బాగానే ఉన్నది, కానీ మనసొప్పలేదు. 'ఇదైతే అది' అని ఒక సిద్ధాంతం చెప్పినంక, 'అదైతే ఇది' అని దాన్ని తిప్పి చెప్పాలె. దాన్నే విపర్యయం అంటరు. అది చెప్పకుండ నేను ఏనాడన్న బోర్డు తుడిచిన్నా? అందుకని విపర్యయం గూడ రాసిన: కొత్తది అడిగితే పాతదానికి పంపు! రెండింటికీ 'పర్మనెంట్' అని తగిలించిన. మొదటి పేజీ ఒక్కటి తెరిచి చూసి, తృప్తిగ టీ పెట్టుకున్న.

మధ్యాహ్నం కోదాడ హాస్టల్ నుంచి ఫోన్. రజిత. పాలకీడు బడిల నా దగ్గర ఆరో తరగతి చదివిన పిల్ల, ఇప్పుడు పదో తరగతి. తెల్లారితే లెక్కల పరీక్ష.

"టీచర్, సరూప త్రిభుజాల పేజీ తెరుచుకుంటలేదు. నాకు గా ఒక్క పాఠమే రాదు టీచర్!" గొంతుల ఏడుపు.

సునీతకు ఫోన్ కొట్టిన. సైట్ తెరిచి చూసి మొత్తుకున్నది.

"ఏం జేసినవ్ పెద్దమ్మా! ఆ పిల్లను ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తోలుతున్నవ్. రెండోది తీసెయ్యి!"

ముందుగాల ఆ ఒక్క పాఠానికి తీసేసిన. నా దగ్గర తెరుచుకున్నది. రజిత దగ్గర తెరుచుకోలేదు.

"పర్మనెంట్ అన్నవ్ కద? గా ఫోన్ నీ మాట నమ్మి గుర్తువెట్టుకున్నది. దాంట్ల హిస్టరీ తుడిపియ్యాలె."

రజిత చూసే ఫోన్ ఏమో హాస్టల్ వార్డెన్‌ది. ఆమె ససేమిరా అన్నది.

"నా ఫోన్లో ఏదీ తుడవడానికి వీల్లేదండీ! దాంతో పాటు ఇంకేం పోతుందో ఎవరికి తెలుసు?"

నా దగ్గర చదువుకున్న మనిషైతే గద్దించేదాన్ని.

"సరేనమ్మా, ఏదీ తుడవకండి. స్పీకర్ పెట్టండి చాలు" అన్న.

పాఠం ఫోన్లనే మొదలుపెట్టిన. బొమ్మ గీసి చూపియ్యలేను కదా, ఒక్కో గీత నోటితోనే గీయించిన. "రజితా, త్రిభుజం భూమికి సమాంతరంగ గీత గీసినవా?" అంటే, "గీసినం టీచర్!" అని ఒక్కసారే ఎన్నో గొంతులు! హాస్టలంత చుట్టూ చేరినట్టున్నది. నడుమ ఇంకో గొంతు: "ఒక్క నిమిషం ఆగండి టీచర్ గారూ, ఆ రెండో కోణం ఎందుకు సమానమైందండీ?"

అడిగింది వార్డెన్!

మరునాడు పరీక్ష హాలు నుంచి బయటికి రాంగనే రజిత ఫోన్ చేసింది. "గా పాఠంల నుంచే ప్రశ్న వచ్చింది టీచర్. మొత్తం రాసిన."

వెతికే పిల్లలకు పాఠాలు జల్ది దొరకాలని అంత కష్టపడితే, దొరికింది నా ఫోన్ నంబర్! ఇప్పుడు కోదాడల నా సైట్ తెరిచేటోళ్లే లేరు. వార్డెన్‌తో సహా అందరూ సీదా నాకే ఫోన్ కొడుతున్నరు.

ఇగ జరగండి. వృత్తాల పాఠం ఇంకా అట్లనే తిరుగుతున్నది, పోయి దాన్ని ఆపాలె.