సీటు లేని సైకిలు, తిరగని మెడ

మా ఆయన టీ తాగి, ఏమీ అనకుండా గ్లాసు కింద పెట్టిన రోజు ఏదో తేడాగా ఉందని నాకు మొదటిసారి అనిపించింది.

నవ్వుకోకండి. ఏలియాకు ప్రతిదాని మీదా ఒక అభిప్రాయం ఉంటుంది. రాజంపేటలో మా వెల్డింగ్ షాపుకు ఎదురుగానే మస్తాన్ టీ కొట్టు. పన్నెండేళ్లుగా మా ఆయన రోజూ అక్కడే తాగుతాడు, రోజూ వంక పెడతాడు. "మస్తానప్పా, ఈ పొద్దు అల్లం ఎక్కువైండాది" అని ఈయన అంటే, "రేపట్నుంచి నీకు అల్లం ఒకటే ఇస్తా, పాలు పొయ్యను" అని ఆయన అంటాడు. అది వాళ్ల పలకరింపు. ఆ సోమవారం నేను క్యారియర్ ఇవ్వడానికి షాపుకు వెళ్లేసరికి ఏలియా సగం చేసిన గేటును పట్టుకుని నిలబడి ఉన్నాడు. మస్తాన్ ఖాళీ గ్లాసు తీసుకుని నా దగ్గరికి వచ్చాడు.

"రూతక్కా, ఏలియా ఏమీ అనల్యా. ఒంట్లో బాగల్యాదా ఏంది?"

నేను నోరు తెరిచేలోపే ఏలియా నేల మీద కూలబడి రెండు చేతులూ మట్టికి ఆనించాడు. "భూమి తిరుగుతాండాది రూతూ, నన్ను పట్టుకో" అన్నాడు. పట్టుకున్నాను. ఆ వెంటనే వాంతి చేసుకున్నాడు.

ఇక్కడ మా ఆయన సైకిలు గురించి చెప్పాలి. అది తెలియకపోతే మా కష్టం మీకు సగమే అర్థమవుతుంది. ఆయన ట్రయల్స్ సైకిలిస్టు. ట్రయల్స్‌లో వేగంతో పని లేదు. బండరాళ్ల మీద, పిట్టగోడల మీద, సిమెంటు దిమ్మెల మీద కాలు కింద పెట్టకుండా సైకిలుతో గెంతుకుంటూ పోవాలి. కాలు నేలకు తగిలితే ఒక పాయింటు పోయినట్టు. ఆ సైకిలుకు సీటు ఉండదు. బెంగుళూరు నుంచి సెకండ్ హ్యాండ్‌లో తెచ్చిన రోజు మా వీధంతా వచ్చి చూసి, సీటు ఎవరో కొట్టేశారని జాలిపడింది. ఇప్పటికీ కొత్తవాళ్లు అడుగుతారు. "సీటు ఉంటే మనిషి కూర్చుంటాడు, కూర్చుంటే సోమరి అవుతాడు" అనేది ఆయన జవాబు. ఇలాంటి అభిప్రాయాలు ఇంకా చాలా ఉన్నాయి. టైరులో గాలి తక్కువ ఉంటేనే బండను పట్టుకుంటుందట. బండి ఎంత స్పీడు పోతుందని అడిగేవాళ్లే గానీ ఎంత బాగా ఆగుతుందని అడిగేవాళ్లు లేరట. స్పీడ్ బ్రేకర్లు వేయించేవాళ్లను ఒక్కసారైనా సైకిలెక్కించాలట. పప్పులో తాలింపు వేశాక వెంటనే మూత పెట్టాలట. ఈ చివరిది సైకిలుకు సంబంధించింది కాదు, నాకు సంబంధించింది.

నిలదొక్కుకోవడమే ఆయన సంతోషం. ఆదివారం చర్చి అయ్యాక ఊరి బయట గుట్ట మీద, ఆయన సైకిలుతో సహా ఒక బండ అంచున కదలకుండా నిలబడితే నేను పిడికిళ్లు బిగించి చూసేదాన్ని. అలాంటి మనిషి ఆ సోమవారం మంచం మీద కూడా పడుకోలేకపోయాడు. పడిపోతున్నట్టు మంచం అంచు గట్టిగా పట్టుకున్నాడు.

రాజంపేటలో మొదట చూపించిన చోట బీపీ నార్మల్ అన్నారు, షుగర్ నార్మల్ అన్నారు, ఈసీజీ నార్మల్ అన్నారు. ఎండదెబ్బ అయి ఉంటుందని సెలైన్ ఎక్కించారు. మా పాస్టరమ్మ వచ్చి ప్రార్థన చేసి, పైత్యం తలకెక్కిందేమో నిమ్మకాయ నీళ్లు తాగించమంది. తాగించాను. అవీ కక్కేశాడు. మరునాటికీ అలాగే ఉంటే మస్తాన్ కారు మాట్లాడుకొచ్చాడు. కడప చేరేదాకా ఏలియా కళ్లు మూసుకుని నా భుజం మీద తల పెట్టుకునే ఉన్నాడు. మలుపు వచ్చినప్పుడల్లా నా చెయ్యి బిగించేవాడు.

కడపలో ముందు ఎంఆర్ఐ తీశారు. లోపల ఆయన, బయట నేను. స్ట్రోక్ అనే మాట అప్పటికే నా చెవిన పడింది. నలభై దాటని మనిషికి స్ట్రోకేంటని ఎవరినో పట్టుకుని అడగాలనిపించింది, కానీ అక్కడ నాకు తెలిసినవాళ్లు ఎవరున్నారు? రిపోర్టు నార్మల్ అని వచ్చాక ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి పంపారు. ఆమె ఏలియా తలను రెండు చేతులతో పట్టుకుని, "నా ముక్కు చూడండి, చూపు తిప్పొద్దు" అని ఒక్కసారిగా పక్కకు తిప్పింది. అలా రెండు మూడు సార్లు చేసింది. దాన్ని హెడ్ ఇంపల్స్ టెస్ట్ అంటారట.

"కుడివైపు తిప్పినప్పుడు కళ్లు జారిపోతున్నాయి, చూశారామ్మా? ఇది వెస్టిబ్యులర్ న్యూరైటిస్. లోపలి చెవి నుంచి మెదడుకు పోయే బ్యాలెన్స్ నరం ఒకవైపు దెబ్బతింది. ఈమధ్య జలుబు చేసిందా?"

చేసింది. దాని మీద కూడా మా ఆయన అభిప్రాయాలు చెప్పాడు గానీ మందు వేసుకోలేదు.

"ప్రాణానికి భయం లేదు. తిరుగుడు తగ్గడానికి ఈ ట్యాబ్లెట్ ఐదు రోజులే. తర్వాత ఆపేసి ఈ పేపర్లో ఉన్న ఎక్సర్‌సైజులు చెయ్యాలి, తల తిప్పుతూ నడవాలి. మొదట్లో కష్టంగానే ఉంటుంది. రెండు వారాలకు మళ్లీ కనిపించండి."

"మేడమ్, నేను సైకిలు తొక్కొచ్చునా?" అని అడిగాడు ఏలియా. షాపులో కూలబడ్డాక ఆయన పూర్తిగా మాట్లాడిన వాక్యం అదొక్కటే.

"సైకిలుదేముంది, తొక్కొచ్చు" అంది డాక్టరు. సీటు లేని సైకిలని ఆమెకేం తెలుసు?

ఐదు రోజుల్లో వాంతులు తగ్గాయి, లేచి నడిచాడు. ఆరో రోజు ట్యాబ్లెట్ ఆపగానే మళ్లీ తూలాడు. పేపరు చూసి తల రెండుసార్లు తిప్పాడో లేదో ముఖం పాలిపోయింది. నేను చూడలేకపోయాను. ఆ పేపరు తీసి ఫ్రిజ్ మీద పెట్టేసి, పాత చీటీ పట్టుకుని మెడికల్ షాపుకు వెళ్లాను. ఇంకో షీటు ఇచ్చారు. అది అయిపోయాక ఇంకోటి. మనిషి కుదుటపడ్డాడు కదా, మళ్లీ కడప దాకా తిప్పడం ఎందుకని రెండు వారాలకు చూపించుకోవడం కూడా మానేశాం. అలా రెండు నెలలకు పైగా నా చేత్తోనే వేశాను. తప్పు చేస్తున్నానని ఒక్క రోజు కూడా అనిపించలేదు, మొగుణ్ణి బాగా చూసుకుంటున్నానని గర్వంగా కూడా ఉండేది.

రెండో తప్పు ఆయనది. సైకిలు మీద బండ అంచున నిలబడేటప్పుడు ఎదురుగా ఒకచోట చూపు పెట్టి, మెడ బిగించి, దాన్నే చూస్తూ ఉండాలి. "చూపు నాటుకో, బండి దానంతటదే నిలబడతాది" అని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు చెప్పేవాడు. ఆ విద్యనే ఇంట్లో వాడటం మొదలుపెట్టాడు. వంటింటికి పోవాలంటే గోడ మీది క్యాలెండర్ మీద చూపు నాటేవాడు. బజారుకు పోవాలంటే దూరంగా కరెంటు స్తంభం మీద. తల వేలెడైనా కదిలేది కాదు. చూసేవాళ్లకు చక్కగా నడుస్తున్నట్టే ఉండేది. "ఏలియా బాగైపోయినాడే" అని చర్చిలో అందరూ అన్నారు. నేనూ నమ్మాను.

కానీ నాకు ఒక బాధ మొదలైంది. మిషన్ మీద బట్టలు కుడుతూ పక్కనుంచి "ఏమయ్యా" అని పిలిస్తే ఇటు చూసేవాడు కాదు. ఊ అనేవాడు, అంతే. కొత్త చీర కట్టుకుని పక్కన నిలబడినా చూడలేదు. జబ్బుతో మనసు విరిగిందేమో, నేనంటే విసుగు పుట్టిందేమో అనుకున్నాను. గొడవ ఎందుకని, ఏదైనా చెప్పాల్సి వస్తే లేచి ఎదురుగా వెళ్లి నిలబడి చెప్పేదాన్ని. అన్నం గిన్నె కూడా ఎదురుగానే పెట్టేదాన్ని. నాకు తెలియకుండానే ఆయన మెడకు ఇంకాస్త సుఖం అలవాటు చేశాను.

మూడో నెల మొదట్లో ఒక ఆదివారం ధైర్యం చేసి గుట్టకు సైకిలు తీసుకెళ్లాడు. మోకాలెత్తు బండ ఎక్కి నిలబడ్డాడు. పాత ఏలియాలాగే ఉన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంతలో పక్క పొదలోంచి మేక ఒకటి అరిచింది. ఆయన దానివైపు తల తిప్పాడు, తిప్పిన వైపే సైకిలుతో సహా పడిపోయాడు. మోచేయి చెక్కుకుపోయింది, ఎముక విరగలేదు. కానీ ఇంటికొచ్చి సైకిలును షాపు దూలానికి వేలాడదీశాడు.

"అమ్మేస్తా. నా ఒంట్లో నిలబడేది పోయింది రూతూ" అన్నాడు. ఏడవాలని ఉన్నా ఏడవలేదు. నేను కూడా ఏడిస్తే ఆ మాట నిజమని ఆయన అనుకుంటాడు.

మళ్లీ కడప వెళ్లాం. డాక్టరు పడిపోయిన సంగతి విని ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపింది. చిన్న వయసు అమ్మాయి, షబానా. వరండాలో నడవమంది. ఏలియా ఎదుటి గోడ మీది గడియారం మీద చూపు నాటి తిన్నగా నడిచాడు.

"భలే నడుస్తున్నారు సార్. ఇప్పుడు మీ మిసెస్ మీ పక్కన వస్తారు, ఆమె ముఖం చూస్తా నడవండి."

నేను పక్కకు వెళ్లాను. ఏలియా మెడ తిప్పలేదు, నడుము నుంచి మొత్తం మనిషే తిరిగాడు. షబానా ఆపేసింది. "సార్, మీరు తల తిప్పట్లేదు. ఎన్నాళ్లుగా ఇట్లా?"

మా ఆయనకు అదో గొప్పగా అనిపించి, చూపు నాటే విద్య అంతా వివరించాడు. ఆమె నవ్వు ఆపుకుంటూ విన్నది.

"సార్, ఒకవైపు నరం దెబ్బతింటే బ్రెయిన్ కొత్తగా లెక్క నేర్చుకోవాలి. తప్పు జరిగితేనే అది నేర్చుకుంటుంది. మీరు తప్పే జరగనివ్వట్లేదు. మీ అంత బాగా నిలబడటం రానివాళ్లయితే ఈపాటికి బాగైపోయేవాళ్లు."

తర్వాత నా వైపు తిరిగింది. "ఆ ట్యాబ్లెట్ ఎప్పుడు ఆపారమ్మా?"

ఇంకా ఆపలేదని తలదించుకుని నిజం చెప్పాను. తిట్టలేదు. "నిద్రపోయే మనిషికి ఎవరైనా సైకిలు నేర్పిస్తారా? అది బ్రెయిన్‌ను మందగిస్తుందమ్మా" అంది. డాక్టరును అడిగి, ఎలా ఆపాలో రాయించి ఇచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో అడిగాను. "అందుకేనా నేను పిలిస్తే చూడవు?"

"చూస్తే పడిపోతా గదా. నీ ముందర పడేదానికి నామోషీ."

"నేనంటే ఇష్టం పోయిందనుకున్నా."

"నీకేమన్నా పిచ్చా మే?" అన్నాడు. అని, అంత కష్టంలోనూ మెల్లగా, వణుకుతూ, మెడ తిప్పి నా ముఖం చూశాడు. వెంటనే కారు ఆపించి, దిగి వాంతి చేసుకున్నాడు. మా పెళ్లైన ఇన్నేళ్లలో ఆయన నన్ను చూసిన చూపుల్లో నాకు ఎక్కువ నచ్చింది అదే.

అప్పటినుంచి రోజూ ఎక్సర్‌సైజులు. బొటనవేలు ముందుకు చాచి దాన్నే చూస్తూ తల అటూ ఇటూ తిప్పాలి. దిండు మీద నిలబడాలి. అన్నిటికంటే కష్టమైంది తల తిప్పుతూ నడవడం. పది అడుగులకే విసుక్కునేవాడు. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. సాయంత్రం చల్లబడ్డాక బజారులో పక్కన నడుస్తూ, "కుడిపక్క చూడు, ఏం కనిపిస్తే దాని మీద ఒక మాట చెప్పు. ఇప్పుడు ఎడమపక్క" అనేదాన్ని.

మొదటి వారం ముక్తసరిగా చెప్పాడు. కుడిపక్క బుల్లెట్టు. "సద్దెక్కువ." ఎడమపక్క ఫ్లెక్సీ. "ముఖాలెక్కువ." రెండో వారానికి గాడిలో పడ్డాడు. "ఆ పిల్లోడి సైకిలుకు ఇరవయ్యొక్క గేర్లు ఉండాయి, తొక్కేది ఒకదాంట్లోనే. మిగతా ఇరవై యాడికి పోతాండాయి?" "ఆ బజ్జీ నూనె చూడు, దాంతో నా చైను తుడిచినా అది తిరగదు." మెడ అటు, మాట అటు. మెడ ఇటు, మాట ఇటు. మధ్యలో తూలితే నా చెయ్యి ఉండనే ఉంది. నెల తిరిగేసరికి మస్తాన్ కొట్టు ముందు నిలబడి అల్లం గురించి మాట్లాడాడు. మస్తాన్ స్టవ్ ఆపి బయటికి వచ్చి ఆయన్ను కౌగిలించుకున్నాడు. మధ్యలో జ్వరం వచ్చి పది రోజులు ఆగితే సగం వెనక్కి పోయాం. మళ్లీ మొదలుపెట్టాం.

ఇప్పటికి ఏడాది దాటింది. చీకట్లో, ఇసకలో నడిస్తే ఇప్పటికీ కాస్త తూలుతాడు. అది ఉండొచ్చని డాక్టరు చెప్పింది. సైకిలు దూలం దిగింది. పోయిన ఆదివారం గుట్ట మీద, ఆయన అదే మోకాలెత్తు బండ మీద కదలకుండా నిలబడి ఉంటే నేను కావాలనే పక్కకు వెళ్లి, "ఏమయ్యా!" అని పిలిచాను. తల తిప్పాడు. నా ముఖం చూశాడు, కాళ్లు చూశాడు. "ఆ చెప్పులేంది, గుట్టకు ఎవరన్నా అట్లాంటివి ఏసుకొస్తారా?" అన్నాడు. ఆ మాట పూర్తయ్యేదాకా సైకిలు నిలబడే ఉంది. తర్వాత నవ్వొచ్చి కాలు కింద పెట్టాడు.

"నీ వల్ల ఒక పాయింటు పోయింది" అని నన్ను తిట్టాడు. పోనీ అన్నాను.

ఇలాంటి జబ్బు మనిషిని చూసుకునేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఐదు రోజుల మందు ఐదు రోజులే, ఆరో రోజు పాత చీటీతో మెడికల్ షాపుకు పోకుండా డాక్టరు దగ్గరికి పోండి. ఇక ఇంట్లో మీరు పక్కనుంచి పిలిస్తే ఆ మనిషి తిరిగి చూడకపోతే, అలిగే ముందు మెడ తిరుగుతోందో లేదో చూడండి.