తీసిపెట్టిన గుప్పెడు

హార్బరు పక్కన పాతపట్నంలో మా చర్చి ఆడవాళ్ళకు ఒక అలవాటు ఉండేది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేసేవాళ్ళు. అది దేవుడి గుప్పెడు. ఇంట్లో ఎంత ఇబ్బందైనా దాని మీద చెయ్యి వేసేవాళ్ళు కాదు. ఆదివారం ఆ బియ్యం తెచ్చి చర్చి వెనక వరండాలో ఉన్న గోనెలో పోసేవాళ్ళు. డెబ్భైల చివర్లో ఆ గోనెను నమ్ముకుని దిక్కులేని ముసలివాళ్ళకు రోజూ మధ్యాహ్నం వేడన్నం పెట్టడం మొదలుపెట్టాం. నేను బళ్ళో టీచర్ని, స్త్రీల సమాజానికి కార్యదర్శిని. నోరున్నదాన్నని ఆ పని నాకు అప్పగించారు.

ఆ అన్నం గురించి గొప్పలు చెప్పను. వంద ఇళ్ళ బియ్యం ఒక్క గుండిగలో పడితే ఏమవుతుంది? రేషను బియ్యం చితికిపోయేది, ఉప్పుడు బియ్యం పలుకుగానే ఉండేది. "మనుసులకే పొత్తు కుదర్నేదు, బియ్యానికి కుదురుద్దేటమ్మా?" అని నవ్వేవాడు ఒక తాత. స్టీల్ ప్లాంటుకు భూమి పోయి పట్నం వచ్చిపడ్డ రైతు. మా మతం కాకపోయినా మా వరండాలో మొదటి కంచం ఆయనదే.

ఆయన పక్కన, మేమంతా మామ్మ అని పిలిచే ముసలావిడ కూర్చునేది. హార్బరులో మాంగనీసు రాయి తట్టలు మోసి మోసి ఆమె నడినెత్తిన వెంట్రుక మిగల్లేదు. రాయి ఎత్తడానికి యంత్రాలు వచ్చాక పనీ మిగల్లేదు. మధ్యాహ్నం మా దగ్గర తిని, రాత్రికి రేషను బియ్యం ఇన్ని ఉడకేసుకునేది. అందులోంచి కూడా గుప్పెడు తీసి, ఆదివారం కొంగున కట్టుకొచ్చేది. "తినేదానివి నువ్వు, మళ్ళీ నీకెందుకు మామ్మా?" అని కసిరేదాన్ని.

"తినీవోలు ఎయ్యకూడదేటి అమ్మగోరూ?" అనేది.

ఎనభైల మొదట్లో, స్టీల్ ప్లాంటు పనులకు కంకర తోలే కాంట్రాక్టరు ఒకాయన మా వరండా చూడ్డానికి వచ్చాడు. బియ్యం, పప్పు, కట్టెలు అన్నీ తనే ఇస్తానన్నాడు. గోడ మీద వాళ్ళమ్మ పేరు రాయిస్తే చాలన్నాడు. నా కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆ ఆదివారమే ఆరాధన అయ్యాక లేచి నిలబడి, "ఇక గుప్పెళ్ళు అక్కర్లేదు, మనం అడుక్కునే రోజులు అయిపోయాయి" అని అందరి ముందూ ప్రకటించాను. ఎంత పొగరు! గోనె మడిచి అటకెక్కించాను.

మామ్మ మెట్ల దగ్గర నన్ను ఆపింది. "మరి నా గుప్పెడు ఏటి సెయ్యనమ్మా?"

"తీసి ఉంచు. కావాలంటే నేనే అడుగుతాను" అన్నాను, ఆమె మొహం కూడా చూడకుండా.

ఏడాదిపాటు సన్నబియ్యం తిన్నారు. పెళ్ళి భోజనం అనేవాడు తాత. తర్వాత కాంట్రాక్టరు పనులు ఆగిపోయాయి. ముందు పప్పు రావడం మానేసింది, తర్వాత కట్టెలు. వానలు మొదలయ్యేసరికి బియ్యమూ లేదు. పొయ్యి ఆరిపోయింది.

అప్పుడు చెయ్యవలసింది ఒక్కటే. అటక మీది గోనె దించి, మళ్ళీ ఇల్లిల్లూ అడగాలి. నాకు మొహం చెల్లలేదు. అందుకని ఇంకో దాత కోసం ఉత్తరాలు రాశాను. ద్వారకా నగర్ షాపుల మెట్లెక్కాను, ఆఫీసుల బయట బెంచీల మీద గంటలకొద్దీ కూర్చున్నాను. ముక్కూ మొహం తెలియని షావుకార్లను అడగడం నామోషీ కాలేదు గానీ, పక్కింటావిడను గుప్పెడు బియ్యం అడగడం నామోషీ అయింది. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. నాలుగు నెలలు అలా గడిపాను. ముసలివాళ్ళు కొన్నాళ్ళు కంచాలతో వచ్చి, చల్లారిన పొయ్యి చూసి వెళ్ళిపోయేవాళ్ళు. తర్వాత రావడం మానేశారు. ఒకసారి పూర్ణా మార్కెట్టులో మామ్మ పారేసిన కూరాకు ఏరుకుంటూ కనిపించింది. ఒంటి మీద ఎముకలు తప్ప ఏమీ లేవు. నేను పక్క సందులోకి తప్పుకున్నాను.

క్రిస్మస్ ముందు ఆమె గుడిసెలో పోయింది. జ్వరమన్నారు. కడిగి చీర కట్టడానికి వెళ్ళిన ఆడవాళ్ళలో నేనూ ఉన్నాను. ఎత్తితే చిన్నపిల్లంత బరువు కూడా లేదు. పొయ్యి పక్కన వంటకుండ ఖాళీగా ఉంది. మంచం కింద మాత్రం మూతికి గుడ్డ కట్టిన పెద్ద రేకుడబ్బా కనిపించింది. విప్పితే అంచు దాకా బియ్యం. అడుగంతా పురుగు పట్టి ముక్కిపోయింది, పైపొర ఇంకా తెల్లగానే ఉంది.

"దేవుడి బియ్యమండి" అంది పక్క గుడిసె ఆవిడ. "వొండుకు తినీయే అని నాను ఎన్నిసార్లు సెప్పినా ఇన్నేదు. టీసరమ్మ అడుగుతానన్నారు, అడిగితే ఏటిత్తాను అన్నాది."

సమాధి చేసిన మర్నాడు అటక మీంచి గోనె దించాను. మొదట ఆ బియ్యమే అందులో పోశాను. చెరిగి, ఏరి, నీళ్ళు తేటపడేదాకా కడిగి వండాం. కబురు పెడితే మిగిలిన ముసలివాళ్ళు వచ్చారు. తాత ఒక ముద్ద తిని, ముక్కిన వాసన తెలిసిందేమో, తలెత్తి చూశాడు.

"ఈ బియ్యం ఎవులిచ్చినారమ్మా?"

"మామ్మ ఇచ్చింది."

పక్కనున్న ఖాళీ చోటు వైపు చూశాడు. "ఇన్ని బియ్యం ఉంటే అది తిన్నేదా?"

"తినలేదు తాతా. నేను అడుగుతానన్నానని దాచి ఉంచింది."

"మరి అడగనేదేటమ్మా?" అన్నాడు.