చల్లారిన టీ

ఇస్సిక్‌కుల్ సరస్సు ఒడ్డున బడిపిల్లలకు వండిపెట్టే బురుల్చాకు యాభయ్యో యేట మారథాన్ పిచ్చి పట్టింది. ఆవిడ పరుగెత్తుతుంటే మేతకెళ్ళే గొర్రెలు కూడా దాటిపోయేవి. పోతే పోనీ అనుకుంది.

మొదటి ఆదివారం ఊరి రోడ్డు పట్టుకుంది. ప్రతి గుమ్మంలోనూ ఎవరో ఒకరు, "రొట్టె ముక్కైనా నోట్లో వేసుకోకుండా మా ఇల్లు దాటిపోతావా?" అంటూ చెయ్యి పట్టుకుని లోపలికి లాగారు. కాదంటే తప్పు. పొద్దుగూకాక ఆయాసపడుతూ ఇల్లు చేరితే మొగుడు తుర్దాకున్ పగలబడి నవ్వాడు.

"పరుగుకెళ్ళావా, పెళ్ళికెళ్ళావా?"

ఒళ్ళు మండి, రెండో ఆదివారం ఇళ్ళే లేని కొండదారి పట్టింది. సగం దూరంలో ఆకలికి కళ్ళు తిరిగి ఓ రాయి మీద కూలబడింది. అక్కడ రమ్మని పిలిచే దిక్కు లేదు. అప్పుడు తట్టింది ఉపాయం.

రోడ్డు పొడుగునా ఉన్న చుట్టాలందరికీ ముందే చెప్పింది: "లోపలికి పిలవకండి. నేను మలుపులో కనబడగానే టీ పోసి, రొట్టెతో గేటు దగ్గర నిలబడండి." అప్పట్నుంచి వారానికో చుట్టం ఇల్లు చొప్పున దూరం పెంచుకుంటూ పోయింది.

వేసవి చివర్లో, అందరికంటే దూరాన ఉండే ఆడపడుచు జూరాకాన్ ఇంటి దాకా వచ్చింది. ఆవిడ టీ గిన్నె పట్టుకుని విసుగ్గా నిలబడి ఉంది.

"మలుపులో కనబడ్డావని పోశానే! చూడు, చల్లారిపోయింది. ఈ నత్తనడకతో మారథాన్ ఏం పరిగెడతావే?"

బురుల్చా రొట్టె తుంచి నోట్లో వేసుకుని, టీ గటగటా తాగేసి, గిన్నె ఆవిడ చేతిలో పెట్టింది.

"చల్లారాలనేగా వదినా నిదానంగా వచ్చింది! తొందరపడితే నోరు కాలదూ?" అని నవ్వుతూ మళ్ళీ పరుగందుకుంది.