ఫిర్యాదులో నేను కలిపిన వాక్యం

లిఫ్టు తలుపు తెరుచుకోగానే మా పాప వేళ్ళు నా చేతిలోంచి జారిపోయాయి. లోపల ఎదురుగా దూడంత కుక్క కూర్చుని ఉంది. పాప చెయ్యి దాని తలకి జానెడు దూరంలో ఉంది. చంకలో ఉన్న బాబుని అదుముకుని, పాపని రెక్క పట్టి వెనక్కి గుంజి, గట్టిగా అరిచాను.

కుక్క కదల్లేదు. దాని వీపుకి బిగించిన పిడి పట్టుకుని నల్ల అబాయాలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. "భయపడకండి, అది పనిలో ఉంది," అంది ఇంగ్లీషులో, నా పక్కనున్న గోడవైపు మొహం పెట్టి. నేను పిల్లల్ని నాలుగో అంతస్తు దాకా మెట్ల మీద ఈడ్చుకెళ్ళాను. ఇంట్లోకి రాగానే పాప చేతులు ఏడుసార్లు కడిగాను. కుక్క ఎంగిలి తగిలితే ఏడుసార్లు కడగాలంటారు మాలో; తగల్లేదని నాకు తెలుసు.

సౌదీలోని దమ్మామ్‌లో మేముండే బిల్డింగులో ఎక్కువమందిమి కడప, హైదరాబాదుల నుంచి వచ్చినవాళ్ళమే. సాయంత్రానికి, అక్కా అన్నట్టు మేమంతా ఆపా అని పిలిచే ఎదురింటావిడ వంటింట్లో నలుగురం చేరాం. ఆ అమ్మాయి రెండో అంతస్తులో కొత్తగా దిగిందట. ఈ దేశపు మనిషే, చూపు లేదు. యూరప్‌లో చదువుకుని వస్తూ కుక్కని వెంట తెచ్చుకుందట. అక్కడ ఆ కుక్కని బస్సులోనైనా కొట్లోనైనా ఎవరూ ఆపకూడదట.

"అక్కడ సరే. ఇక్కడ చట్టం ఒప్పుకోదు కదా?" అన్నాను.

"ఎట్లా ఒప్పుకుంటుంది, సౌదీలో ఇంట్లో కుక్కనా! బిల్డింగు ఓనరుకి ఫిర్యాదు రాయి నువ్వు. ఎమ్మే ఇంగ్లీషు చదివింది బిర్యానీకి దమ్ము పెట్టడానికేనా?" అంది ఆపా. అందరూ నవ్వారు. నేను రాశాను.

అర్జీలు రాయడం నాకు కొత్త కాదు. కాలేజీ రోజుల్లో మా వీధివాళ్ళందరికీ నేనే రాసిపెట్టేదాన్ని. కొళాయి రెండు రోజులు రాకపోతే వారమని రాసేదాన్ని. దోమలున్నాయంటే ఎవరూ పట్టించుకోరు, పిల్లలకి జ్వరాలొచ్చాయంటే మనిషి వస్తాడు. దాన్ని అబద్ధమని మేమెవరం అనుకోలేదు. అర్జీ అంటే అంతే, కాస్త పెంచి రాయాలి. ఆ అలవాటుతోనే ఇక్కడా చెయ్యి నడిచింది. 'లిఫ్టులో కుక్క మా ఏడేళ్ళ పాప మీదికి దూకింది' అని రాశాను.

ఆపా చదివి, "శభాష్! ఇప్పుడు కదుల్తాడు ఓనరు," అంది. పదకొండు ఇళ్ళవాళ్ళు సంతకాలు చేశారు.

మా ఆయన మాత్రం కాగితం చూసి తల పట్టుకున్నాడు. "సౌదీ మనిషి మీద కంప్లైంటు రాస్తావా? రేపు ఇది నాకు వీసా ఇచ్చిన కఫీల్ చెవిన పడితే నా ఉద్యోగం ఉంటాదా?"

"నీకు పిల్లల కంటే ఉద్యోగం ఎక్కువా?" అన్నాను.

మూడు రోజులకి బిల్డింగు కాపలాదారు కబురు తెచ్చాడు. ఓనరు పిలిస్తే ఆమె కాగితాలన్నీ చూపించిందట: కుక్కకి వేయించిన టీకాలు, ఈ దేశంలోకి తెచ్చుకోవడానికి ఇచ్చిన అనుమతి. చూపు లేనివాళ్ళు దారి చూపే కుక్కని ఇక్కడా ఉంచుకోవచ్చట. "పొమ్మనడానికి లేదు మేడమ్. కానీ పాప మీదికి దూకిందన్నారు చూడండి, అది తేలాలి," అన్నాడు. నేను రాసిన పేజీ మొత్తంలో ఇక మిగిలింది ఆ ఒక్క వాక్యం.

నిన్న సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఎవరో తలుపు తట్టారు. ఆమే. కుక్క లేదు. చేతిలో తెల్ల కర్ర. గోడ తడుముకుంటూ వచ్చిందేమో, అబాయా చేతికి సున్నం అంటుకుని ఉంది.

"క్షమించండి. పాపకి దెబ్బ తగిలిందా?"

"లేదు."

"పిడి కదిలినట్టు నా చేతికి తెలియలేదు. కానీ నేను చూడలేను, మీరు చూశారు. మనుషుల మీదికి దూకే కుక్క ఈ పనికి తగదు. శిక్షణ ఇచ్చినచోటికి తిరిగి పంపెయ్యాలి. అది లేకపోతే నేను ఒక్కదాన్నే ఆఫీసుకి వెళ్ళలేను, మళ్ళీ మా అమ్మ చెయ్యి పట్టుకుని తిరగాలి. అయినా పంపేస్తాను. నిజంగా దూకిందా? మీరు చెప్పిందే నమ్ముతాను."

పాప నా వెనకే నిలబడి వింటోంది. నాకు పదకొండు సంతకాలు గుర్తొచ్చాయి. ఈయన ఉద్యోగం గుర్తొచ్చింది. రాసింది అబద్ధమని ఇప్పుడు ఒప్పుకుంటే ఏం చేస్తారో నన్ను?

"కొంచెం," అన్నాను.

ఆమె తలూపి థాంక్స్ చెప్పింది. నాకు థాంక్స్! కర్రతో గోడ వెతుక్కుంటూ వెనక్కి తిరిగింది. లిఫ్టు దాకా తోడు వస్తానని కూడా నా నోటి నుంచి రాలేదు.

తలుపు వేశాక పాప అడిగింది. "అమ్మీ, అది కూర్చునే ఉండింది కదా?"

"నీకు తెలీదు. పో, హోంవర్కు చేసుకో," అని కసిరాను. పాప నా మొహంలోకి ఒకసారి చూసి, పుస్తకం తీసుకుని వెళ్ళిపోయింది. నా కూతురు నన్ను అలా చూడటం అదే మొదటిసారి.

ఈ పొద్దున వాళ్ళ అబ్బా డ్యూటీకి వెళ్ళాక పిల్లలిద్దర్నీ మంచం మీద కూర్చోబెట్టాను. బాబుకి ఏమీ అర్థం కాదు, అయినా వాడూ ఉండాలనిపించింది.

"ఆ కుక్క దూకలేదు," అన్నాను. "దూకిందని అమ్మీ అబద్ధం రాసింది. ఆమె ఇంటికొచ్చి అడిగితే మళ్ళీ అబద్ధమే చెప్పింది. ఇప్పుడు మనం రెండో అంతస్తుకి పోయి ఆమెకి నిజం చెప్పాలి. స్కూలు బస్సు తప్పిపోతే పోనీ. అక్కడ నాకు నోరు పెగలకపోతే, పాపా, నువ్వు చూసింది చూసినట్టు చెప్పెయ్."