పోయిన ఉద్యోగి వాళ్ళ అమ్మ

ఆఫీసులో ఆమెను చుక్కమ్మ అంటారు. కొత్తగా చేరినవాళ్ళకు ప్రోగ్రాము రాయడం నేర్పేటప్పుడు, "మధ్యలో చుక్క కనబడితే 'వాళ్ళ' అని చదువుకోండర్రా. ఉద్యోగి చుక్క అమ్మ అంటే ఉద్యోగి వాళ్ళ అమ్మ. ఇందులో బ్రహ్మవిద్యేం లేదు" అంటుంది. పేరు అలా వచ్చింది.

ఆమె భర్త అదే కంపెనీలో స్టోర్సు చూసేవాడు. రెండు నెలల క్రితం పోయాడు. పలకరించడానికి వచ్చినవాళ్ళు కాలమే అన్నీ మాన్పుతుందన్నారు. మాన్పాలంటే ముందు నొప్పంటూ ఒకటి తెలియాలి కదా! ఆమెకు ఏమీ తెలియడం లేదు. పన్ను పీకడానికి మత్తిచ్చిన దవడలా ఉంది బతుకు. తింటోంది, బస్సెక్కుతోంది, కోడు రాస్తోంది. ఇంట్లో అత్తగారూ తనూ.

సోమవారం కంపెనీ క్లినిక్ నుంచి నర్సు ఫోన్ చేసింది.

"మేడం, గురువారం మీ అత్తగారికి రెండో కంటి ఆపరేషన్ కదా. కంప్యూటర్లో ఆవిడ పేరు కొడితే అసలు అలాంటి మనిషే లేరంటోంది. బుధవారంలోగా పేరు రాకపోతే ఆ టైము వేరేవాళ్ళకి ఇచ్చేస్తారండీ. మళ్ళీ నాలుగు నెలలకి గానీ దొరకదు."

కారణం వెతకనక్కర్లేకపోయింది. ఎనిమిదేళ్ళ క్రితం ఆ ప్రోగ్రాము రాసింది తనే. ప్రోగ్రాములో ఒక వస్తువులో మరో వస్తువును పెట్టడానికి రెండు దార్లు. లోపలే పుట్టించి, దానితోనే పోయేలా చెయ్యడం ఒకటి. విడిగా బయట ఉంచి, దాని ఆచూకీ మాత్రం లోపల రాసుకోవడం రెండోది. ఉద్యోగి బంధువులను ఆమె ఆ ఉద్యోగి లోపలే కట్టేసింది. పని సులువు. "ఉద్యోగి పోతేనో?" అని పక్క సీటాయన అప్పుడే అడిగాడు. "పోతే వాళ్ళ చుట్టాలతో మనకేం పనండీ?" అంది. అందరూ నవ్వారు. మొన్న శుక్రవారం గుమాస్తా ఆమె భర్త పేరు తీసేశాడు. దాంతోపాటే అత్తగారూ పోయింది.

మేనేజరు, "నీ పేరు కింద తల్లి అన్నచోట ఆవిణ్ణి పెట్టెయ్యి, ఎవడు చూడొచ్చాడు?" అన్నాడు.

"అక్కడ మా అమ్మ ఉందండీ."

"పోనీ నీ పేరు చుక్క భర్త చుక్క అమ్మ అని రాస్తే?"

"మొదటి చుక్క దగ్గరే ఆగిపోతుంది. అక్కడ ఎవరూ లేరు."

వాన పడుతోందన్నట్టే అంది ఆ మాట. మేనేజరే తడబడ్డాడు. "కొడుకు పోయాక తల్లికి వైద్యం ఉందని రూల్సులో ఉందా?"

"లేదనైతే లేదు."

"అయితే సంతకం పెడతా. కానియ్."

ఆమె బుధవారం మధ్యాహ్నానికి చుట్టాలందర్నీ ఉద్యోగుల కడుపుల్లోంచి బయటికి లాగి, ఒక్కొక్కరినీ విడి మనిషిగా నిలబెట్టింది. పాత నకళ్ళు తిరగేస్తే, పోయిన ఉద్యోగులతోపాటు మాయమైనవాళ్ళు ముప్ఫై ఏడుగురు తేలారు. ఆ జాబితా రెండుసార్లు చదివింది. ఏమీ అనిపించలేదు. మూడోసారి చదవలేదు. తీసుకెళ్ళి మేనేజరు బల్ల మీద పెట్టింది.

"ఒక్కరన్నావుగా?"

"ఒక్కరికి చేస్తే అది దొంగతనమండీ. అందరికీ చేస్తే ప్రోగ్రాము."

గొణుక్కుంటూనే పెట్టాడు సంతకం.

గురువారం క్లినిక్ వరండాలో అత్తగారు అడిగింది, "నన్ను ఏమని రాశావే?"

"మా అత్తగారని."

"మధ్యలో వాడు లేకుండానా?"

"లేకుండానే."

లోపలినుంచి పేరు పిలిచారు. ముసలావిడ కళ్ళజోడు తీసి కోడలి చేతిలో పెట్టి, "కుడికన్నని గట్టిగా చెప్పు. మళ్ళీ ఎడమదే కోసి కూర్చుంటారు" అంటూ లేచింది.