సంజీవయ్య శెట్టి కారులో దొరకని కిర్రు

కారు కిర్రుమంటే గౌస్ మొహిద్దీన్ తట్టుకోలేడు. ప్రొద్దుటూరులో మెకానిక్కులు ఇంకా నలుగురున్నారు. ఇంజను ఆగిపోతే వాళ్ళ దగ్గరికి పోవచ్చు. గౌస్ మామకు ఆగిపోయిన బండి అంటే పెద్ద పట్టింపు లేదు.

"ఆగిపోయిన బండి నోరు మూసుకోని ఉంటాది గదప్పా! దానితో ఎవురికేం బాధ?" అనేవాడు. నడిచే బండి ఎక్కడైనా కిర్రుమన్నదంటే మాత్రం తేలు కుట్టినట్టు లేచేవాడు.

అన్నం తింటున్నా అంతే. వీధిలో ఏ కారో కిర్రుమంటూ పోతే, చేతిలో ముద్ద చేతిలోనే ఉంచుకుని దాని వెంట పరుగెత్తేవాడు. ఆయన భార్య మాబున్ని గడపలో నిలబడి కేకలు పెట్టేది.

"మా ఇంటి తలుపు మూడేండ్లుగా కిర్రుమంటాంది. దాన్ని మాత్రం పట్టించుకోడు!"

"తలుపుకు చక్రాలుండాయా?" అని వీధి చివరి నుంచి జవాబు వచ్చేది.

ఒకసారి జమ్మలమడుగులో పెళ్ళికొడుకు కారును మేళతాళాల మధ్య ఆపేశాడు. కింద దూరి, కుదుపులు ఆపే కమాను పట్టీలు తడిమాడు. తలుపు సందుల్లో సబ్బు రాశాడు. పొడవాటి స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించి, డాక్టరులా బండి ఒళ్ళంతా పరీక్ష చేశాడు. ముహూర్తం దాటిపోతోందని ఆడపెళ్ళివారు లబలబలాడుతున్నారు. చివరికి పెళ్ళికొడుకును దిగి నాలుగడుగులు వేయమన్నాడు. కిర్రు, కిర్రు! కొత్త చెప్పులు. పాపం, ఆ అబ్బాయి కంగారులో కాళ్ళు ఊపుతూ కూర్చున్నాడు. ఆ చెప్పులకు ఆముదం పూసిన తర్వాతే మామ దారి వదిలాడు.

నా పేరు గురప్ప. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో పత్తి వ్యాపారి సంజీవయ్య శెట్టి గారి దగ్గర డ్రైవరుగా ఉండేవాణ్ణి. వారానికి రెండుసార్లు జమ్మలమడుగు మీదుగా పులివెందులకు ప్రయాణం. ఒకనాడు వెనక కమాను కిర్రుమంటోందని శెట్టిగారు గౌస్ మామను పిలిపించారు. మామ కమానుకు నూనె పట్టించి, "ఒక తూరి నడిపి చూద్దాం పా" అని నా పక్కన ఎక్కి కూర్చున్నాడు.

కూర్చున్నవాడు మూడు నెలలు దిగలేదు.

"ఇంకా ఉంది గురప్పా! సన్నగా వస్తాంది. వినపడుతాందా?"

"ఓ, బాగా!" అనేవాణ్ణి.

నాకు కిర్రు కాదు గదా, హారను కూడా వినపడేది కాదు. అప్పటికి ఆరు నెలలుగా చెవులు మందగించాయి. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట అందుకునేవాణ్ణి. డ్రైవరుకు చెవుడని తెలిస్తే కారు తాళం ఎవరిస్తారు? అందుకే ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పలేదు. ఉందో లేదో తెలియని ఆ కిర్రుకు ఊరంతటికీ నేనొక్కణ్ణే సాక్షి.

మామ గొంతు మాత్రం నాకు అందేది. ఆ గొంతు చచ్చినవాడికైనా అందుతుంది. దారంతా ఒకటే గోల.

"ఎడమకు కొట్టు! ఎడమకు పోతే పలుకుతాదేమో చూద్దాం!"

కొట్టేవాణ్ణి. మరుక్షణం ఏదో ఒక బస్సు దుమ్ము లేపుకుంటూ పక్కనుంచి దూసుకుపోయేది.

"ముద్దనూరులో ఆపమంటాండారు శెట్టిగారు! ఆపు, ఆపితే కిర్రు యాడుందో తెలుస్తాది!"

వెనక సీట్లోంచి శెట్టిగారు విసుక్కునేవారు. "నేను చెప్పిందే మళ్ళీ అరుస్తావేందయ్యా? ఇంతకీ ఒక కిర్రు పట్టనీకి నీకు మూడు నెలలా?"

"మొండి కిర్రు సామీ. మనిషిని చూస్తే దాక్కుంటాంది."

ప్రొద్దుటూరులో జనం నవ్వుకోవడం మొదలుపెట్టారు. "గౌసుకు వయసైపోయింది, చెవులు పోయినాయి" అనుకున్నారు. వారానికి రెండు రోజులు కొట్టుకు తాళం పడుతుంటే వచ్చే బండ్లు కూడా పక్క కొట్లకు మళ్ళాయి. మామ అవేమీ పట్టించుకోలేదు. టంచనుగా వచ్చి నా పక్కన కూర్చునేవాడు.

ఒక బుధవారం జమ్మలమడుగులో శెట్టిగారు పత్తి మిల్లులోకి వెళ్ళగానే, మామ నా చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కుపోయాడు.

"ఈడికెందుకు మామా?"

"కిర్రు ఈడుండాది. నోరు మూసుకోని కూచో."

చెవుల డాక్టరు లోపలికి తొంగి చూసి, నవ్వి, వేడినీళ్ళు చిమ్మి రెండు చెవుల్లోంచీ శనగగింజలంత గులిమి ఉండలు తీశారు. అంతే! ప్రపంచమంతా ఒక్కసారిగా నా మీద పడింది. సైకిలు గంటలు, పిచ్చుకలు, పక్క గదిలో ఎవరో దగ్గడం! ఆఖరికి నా గొంతు నాకే కొత్తగా ఉంది.

పరుగున వచ్చి కారెక్కి బజారంతా ఒక చుట్టు తిప్పాను. పిల్లి నడిచినట్టు పోతోంది. ఎక్కడా చిన్న కిర్రు కూడా లేదు.

"మామా, కిర్రేదీ?"

మామ కిటికీలోంచి బయటికి చూశాడు. "అది మొదటిరోజే పోయిందప్పా. ఆ పొద్దు నీ వెనక లారీవాడు అర మైలు హారను కొట్టినా నువ్వు జరగలేదు. నాకు అర్థమాయె. చెప్తే నువ్వు సిగ్గుపడతావు, శెట్టి వింటే నీ పని పోతాది. మందులేని చెవుడేమో, ఇంకేం చేద్దాంలే, నీకు చెవులుగా పక్కన కూచుందాం అనుకున్యా. ఈడికి చెవుల డాక్టరు వచ్చినాడని నిన్ననే తెలిసె."

బండిని మళ్ళీ మిల్లు ముందుకు తెచ్చి ఆపాను. అంతలో శెట్టిగారు వచ్చి ఎక్కారు.

"ఏమయ్యా, దొరికిందా?"

"దొరికింది సామీ. పీకేస్తిమి."

"యాడుండె?"

"శానా లోపల. మట్టి పేరుకోని ఉండె."

నేను నవ్వు ఆపుకోలేక గేరు తప్పు వేశాను. శెట్టిగారు మాత్రం తృప్తిగా వెనక్కి వాలారు.

ముద్దనూరు దాటేసరికి గౌస్ మామ తల వాల్చేశాడు. మూడు నెలలుగా రెప్ప వేయకుండా దారి కాచిన మనిషి, నోరు తెరుచుకుని గురక మొదలుపెట్టాడు. అది గురకా! రంపపు మిల్లు.

"లేపయ్యా ఆయన్ని, చెవులు పగులుతాండాయి!" అన్నారు శెట్టిగారు.

వినపడనట్టు ఊరుకున్నాను. గుంత వచ్చినప్పుడల్లా వేగం తగ్గించి, మామకు కుదుపు తగలకుండా, పులివెందుల దాకా ఆ గురక వింటూ బండి నడిపాను.